ఇరవై రూపాయల క్రెష్‌కు తల్లి చెల్లించే అసలు ధర

నెలకు ఇరవై రూపాయలు. 2017లో జాతీయ క్రెష్ పథకానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబం ఒక్కో బిడ్డకు కట్టాల్సిన రుసుము ఇంతే. తల్లిదండ్రులిద్దరి రాబడి కలిపి నెలకు 12,000 రూపాయల లోపు ఉంటే వంద, అంతకు మించితే రెండొందలు. పసిబిడ్డను రోజంతా చూసుకుని, అన్నం పెట్టి, నిద్రపుచ్చే చోటుకు ఇది ధర అనిపించుకునే ధరే కాదు. మరి కూలికి వెళ్లే తల్లులు ఆ కేంద్రాల ముందు బారులు తీరి ఉండాలి, ఊరూరా కొత్తవి తెరుచుకుని ఉండాలి. కానీ 2010ల తొలినాళ్లలో దేశమంతటా 20 వేలకు పైగా ఉన్న ఈ క్రెష్‌లు 2020 నాటికి 7 వేల లోపుకు పడిపోయాయి.

రుసుము పెరగడం వల్ల ఇవి మూతపడలేదు. పిల్లలు లేకా కాదు. పేద కుటుంబానికి పిల్లల సంరక్షణ అందుబాటులోకి రావడమంటే రుసుము తగ్గడమేనని మనం అనుకున్నంత కాలం ఈ చిక్కు అర్థం కాదు. తల్లి కట్టే రుసుము ఒకటి, బిడ్డను అక్కడ వదలడానికి ఆమె పోగొట్టుకునేది ఇంకొకటి, ఆ కేంద్రం నడవడానికి నిజంగా అయ్యే ఖర్చు వేరొకటి. ఈ మూడింటినీ విడివిడిగా లెక్క వేసి చూద్దాం.

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. ఊరూరా అంగన్‌వాడీలు ఉన్నాయి కదా, మళ్లీ క్రెష్‌లెందుకు? 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీల రూపంలో ఇవాళ దేశమంతా విస్తరించింది. గర్భిణులకు, బాలింతలకు, పిల్లలకు అది చేసిన మేలు చిన్నది కాదు. అయితే అంగన్‌వాడీలో రోజూ కూర్చుని, ఆడుకుని, అక్కడే వేడి అన్నం తినేది మూడేళ్లు నిండిన పిల్లలు. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు బిడ్డకు దక్కేది ఇంటికి తీసుకెళ్లే పౌష్టికాహారం. మన దగ్గర అది బాలామృతం ప్యాకెట్. ప్యాకెట్ ఇంటికి చేరుతుంది. కానీ మధ్యాహ్నం పన్నెండింటికి దాన్ని కలిపి, చెంచాతో బిడ్డ నోట్లో పెట్టే మనిషి ఆ సమయానికి మిరప చేలోనో, స్లాబు మీదనో ఉంటుంది. ఏడాదిన్నర బిడ్డ పొట్ట చిన్నది. ఒకేసారి కడుపునిండా తిని సాయంత్రం దాకా ఉండలేదు, గంటల తేడాతో కొంచెం కొంచెం పెట్టాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, తెలంగాణలో 33 శాతం. ఈ లెక్క వచ్చినప్పుడల్లా మన చర్చ బియ్యం, పప్పు, గుడ్డు చుట్టూనే తిరుగుతుంది. తినిపించే చెయ్యి ఎక్కడుందని అడిగేవారు తక్కువ.

తల్లి పనికి వెళ్లినప్పుడు ఆ చిన్నబిడ్డ ఎక్కడుంటున్నట్టు? ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే వాళ్ల దగ్గర. ఒంట్లో శక్తి ఉంటే వాళ్లు కూడా కూలికి పోవాల్సిందే కాబట్టి, ఆ ఆసరా అందరికీ ఉండదు. వలస వచ్చినవాళ్లకు అసలే ఉండదు. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో హైదరాబాద్ వచ్చి కట్టడాల దగ్గర గుడిసె వేసుకున్న జంట బిడ్డను పని దగ్గరికే తెచ్చుకుంటుంది. ఇసుక కుప్ప పక్కన, మూత లేని నీళ్ల సంపుకు నాలుగడుగుల దూరంలో పడుకోబెడుతుంది. లేదంటే ఎనిమిదేళ్ల అక్క బడి మానేసి తమ్ముణ్ని చంకనేసుకుంటుంది. మన ఊళ్లలో క్రెష్ లేని లోటును ఇన్నాళ్లూ పూడ్చింది ఆ ఆడపిల్లే. పిల్లల సంరక్షణ మీద ప్రభుత్వం పెట్టని ఖర్చును ఆమె తన చదువుతో కట్టింది.

ఇంటి దగ్గరే పని చేసుకునేవాళ్లకు ఈ బాధ లేదనుకోవడమూ సరికాదు. నిజామాబాద్, జగిత్యాల వైపు ఇళ్లలో బీడీలు చుట్టే తల్లి ఒళ్లో బిడ్డను పెట్టుకునే చుడుతుంది. పొగాకు దుమ్ము ఇద్దరికీ సమానం. బిడ్డ లేచిన ప్రతిసారీ చేట పక్కన పెట్టాలి, చుట్టిన బీడీల లెక్క తగ్గుతుంది, కూలీ తగ్గుతుంది. 2024లో కేంద్రం జరిపిన సమయ వినియోగ సర్వేలో ఇంట్లోవారి బాగోగులు చూసే స్త్రీలు అందుకు రోజుకు సగటున 137 నిమిషాలు వెచ్చిస్తున్నారని, ఆ పని చేసే పురుషులు 75 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. వంట, ఊడ్పు, ఉతుకుడు ఇందులో కలవలేదు. ఒక చేత్తో బీడీ, ఇంకో చేత్తో బిడ్డ ఉన్న గంటలను ఏ ఖాతాలో రాయాలో ఏ సర్వేకైనా కష్టమే.

ఇప్పుడు తల్లి వైపు లెక్క. రోజుకు 400 రూపాయల కూలి, నెలకు 22 రోజులు పని దొరికే ఒక తల్లిని ఊహించుకుందాం. ఆమె నెల సంపాదన 8,800. క్రెష్ రుసుము ఇరవై. కానీ ఆ క్రెష్ ఆమె బస్తీలో లేదు, పనికి వెళ్లే దారిలోనూ లేదు. పొద్దున బిడ్డను దింపడానికి, సాయంత్రం తెచ్చుకోవడానికి షేర్ ఆటోకు రోజుకు నలభై అవుతుందనుకుంటే, 22 రోజులకు 880. సంపాదనలో సరిగ్గా పదో వంతు. ఇరవై రూపాయల క్రెష్ ఆమెకు తొమ్మిది వందల రూపాయల క్రెష్ అయింది. అందుకే 2018లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ విడుదల చేసిన క్రెష్ ప్రమాణాల్లో దూరం గురించి ప్రత్యేకంగా చెప్పారు. పని చోటుకో నివాసాలకో అర కిలోమీటరు లోపు ఉండాలన్నారు. పేదల విషయంలో దూరమూ రుసుములో భాగమే.

దూరం కన్నా పెద్ద దెబ్బ వేళలది. జాతీయ క్రెష్ పథకం కింద ఒక్కో క్రెష్ నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరిచి ఉండాలన్నారు. తొమ్మిదిన్నరకు తెరిచి అయిదింటికి మూసేస్తే నియమం పాటించినట్టే. కానీ అడ్డా మీద కూలీలు ఏడింటికల్లా నిలబడతారు. తొమ్మిదిన్నరకు వచ్చేవాళ్లకు ఆ రోజు పని లేదు. మిరప కోతల కాలంలో గుంటూరు, ఖమ్మం జిల్లాల్లో కూలీల ఆటోలు ఇంకా వెలుతురు సరిగా రాకముందే బయల్దేరతాయి. సాయంత్రం పని ముగించి, మేస్త్రీ దగ్గర డబ్బు తీసుకుని, ఇంటికి చేరేసరికి ఏడవుతుంది. ఈ తల్లికి అయిదింటికి మూసే క్రెష్ ఉన్నా లేనట్టే. మేస్త్రీ ఆమెను సగం పూట పనికి పెట్టుకోడు కాబట్టి, ఆమె పోగొట్టుకునేది రెండు గంటల కూలి కాదు, మొత్తం 400 రూపాయలు. అంటే ఇరవై రూపాయల క్రెష్‌ను వాడుకోవాలంటే ఆమె రోజు కూలి వదులుకోవాలి. అలాంటి కేంద్రానికి ఎవరూ రాకపోతే, ఇక్కడ డిమాండ్ లేదని పైకి నివేదిక వెళుతుంది. కాస్త ఆలస్యంగానైనా కేంద్రమే మూతపడుతుంది.

ఇక కేంద్రం నడిపేవాళ్ల వైపు లెక్క చూద్దాం. ఇది చాలామంది చూడని వైపు. ఒక క్రెష్‌లో 25 మంది పిల్లలు. ఇద్దరు మనుషులు: ఒక కార్యకర్త, ఒక ఆయా. వాళ్లకు మర్యాదగా బతకడానికి కావాల్సినంత కాకపోయినా, ఒకరికి 12,000, ఇంకొకరికి 10,000 ఇద్దామనుకుందాం. బిడ్డకు రోజుకు ఇరవై రూపాయల తిండి చొప్పున 26 రోజులకు 13,000. అద్దె, కరెంటు, గ్యాస్, సబ్బు, చాపలు, చిన్నా చితకా మందులు అన్నీ కలిపి 7,000. మొత్తం 42,000. ఒక్కో బిడ్డకు నెలకు 1,680 రూపాయలు. ఎక్కడా దుబారా లేని లెక్క ఇది. అయినా మన తల్లి 8,800 సంపాదనలో 19 శాతం. ఇద్దరు పిల్లలుంటే 38 శాతం. ఆ డబ్బు ఆమె తెచ్చి ఇవ్వలేదు. ఇమ్మని అడగడమూ న్యాయం కాదు.

మరి రుసుముతో ఎంత వస్తుంది? 25 మందీ ఇరవై చొప్పున కడితే 500. ఖర్చులో ఒక శాతం పైచిలుకు. వంద చొప్పున కడితే 2,500, అంటే ఆరు శాతం. రెండొందలైతే 5,000, పన్నెండు శాతం. రుసుము ఇరవై ఉండాలా వంద ఉండాలా అని ఎంత వాదించుకున్నా కేంద్రం నిలబడటానికి అది పెద్దగా తేడా తీసుకురాదు. తల్లి బడ్జెట్‌లో మాత్రం వంద రూపాయలు తేడా తెస్తాయి. అందుకే కడు పేదల దగ్గర రుసుము పూర్తిగా ఎత్తేయడమే మంచిదని నా అభిప్రాయం. రసీదులు రాసి, ఆదాయ ధ్రువపత్రం అడిగి, వసూలు చేసి, జమ కట్టే శ్రమకు తగినంత కూడా ఆ అయిదు వందలతో రాదు. రుసుము కడితేనే తల్లిదండ్రులకు కేంద్రం మీద పట్టింపు ఉంటుందనే వాదన ఒకటి ఉంది. అందులో కొంత నిజం ఉంది. కానీ తల్లుల కమిటీకి తాళం చెవిలో, సరుకుల లెక్కలో వాటా ఇస్తే ఆ పట్టింపు అంతకన్నా గట్టిగా వస్తుంది.

ఖర్చుకూ రుసుముకూ మధ్య ఉన్న ఆ పెద్ద ఖాళీని పూడ్చేదే సబ్సిడీ. మరి మన దేశంలో దాన్ని ఎవరు పూడ్చారు? 2017 ముందు వరకు ఈ పథకానికి రాజీవ్ గాంధీ పేరుండేది. 2006లో మొదలైన ఆ పథకంలో ఖర్చులో 90 శాతం కేంద్రానిది, 10 శాతం నడిపే స్వచ్ఛంద సంస్థది. 2017లో పథకాన్ని రాష్ట్రాలకు బదిలీ చేసి కేంద్రం 60, రాష్ట్రం 30, సంస్థ 10 అన్నారు. రాష్ట్రాలకు అది కొత్త భారం. వాటా విడుదల ఆలస్యమైన చోట చిన్న సంస్థలు తమ డబ్బుతో నెలల తరబడి నడపలేకపోయాయి. ఇక అప్పటి గౌరవ వేతనం క్రెష్ కార్యకర్తకు నెలకు 3,000, సహాయకురాలికి 1,500. పాతిక మంది పసిపిల్లలను ఏడున్నర గంటల పాటు కనిపెట్టుకుని ఉన్న మనిషికి రోజుకు నూట పదిహేను రూపాయలు. ఉపాధి హామీలో మట్టి తవ్వినా అంతకన్నా ఎక్కువే వచ్చేది.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఇరవై రూపాయల రుసుము సాధ్యమైంది ప్రభుత్వం ఉదారంగా ఇచ్చినందుకు మాత్రమే కాదు. ఒక పేద స్త్రీ తన శ్రమను అయినకాడికి ఇచ్చినందుకు ఇంకో పేద స్త్రీకి క్రెష్ చౌకగా దొరికింది. సబ్సిడీలో పెద్ద వాటా ఆయాదే. ఆమెకూ పిల్లలుంటారు, ఆమెకూ అద్దె ఉంటుంది. కాస్త మెరుగైన పని దొరకగానే వెళ్లిపోతుంది. కొత్త మనిషి వస్తుంది, పిల్లలు మళ్లీ మొదటి నుంచి ఏడుస్తారు, తల్లులకు నమ్మకం పోతుంది. బిడ్డను అప్పగించాలంటే తల్లికి ముందు కావాల్సింది నమ్మకం. అది వేతనంతోనే కుదురుతుంది. 2023 డిసెంబర్ నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 42 రోజులు సమ్మె చేసినప్పుడు చాలామందికి వాళ్ల డిమాండ్లు ప్రభుత్వానికీ ఉద్యోగులకూ మధ్య గొడవలాగే కనిపించాయి. అప్పటికి కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000 అందుతోంది. పసిపిల్లల సంరక్షణ పేదలకు అందాలా వద్దా అన్న ప్రశ్నలో ఆ జీతాలు సగం.

చట్టాల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం, ఎందుకంటే కాగితం మీద మనకు లోటు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి స్త్రీలున్న ఫ్యాక్టరీలో క్రెష్ ఉండాలంది. 1951 నాటి తోటల కార్మికుల చట్టం, 1966 నాటి బీడీ కార్మికుల చట్టం, 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం అన్నిటిలోనూ క్రెష్ మాట ఉండేది. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు, పని చోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు చేరితే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను కేటాయించి ఆమెకూ కూలి ఇవ్వాలన్నారు. చాలా మంచి ఆలోచన అది. అయితే పాత చట్టాలన్నీ స్త్రీల సంఖ్యను బట్టి క్రెష్ పెట్టమనడంతో, ఆ సంఖ్య దాటకుండా స్త్రీలను పనిలోకి తీసుకునే యజమానికి క్రెష్ బాధ్యత తప్పిపోయేది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు ఈ లోపం దిద్దారు. ఆడా మగా కలిపి యాభై మంది ఉంటే చాలు, క్రెష్ తప్పనిసరి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. బిడ్డ తల్లి ఒక్కదాని బాధ్యత కాదన్న సంగతిని చట్టం మొదటిసారి ఒప్పుకున్నట్టయింది. కానీ యాభై మంది ఒకే యజమాని కింద, ఒకే రిజిస్టర్‌లో ఉండే పని మన పేద తల్లుల్లో ఎంతమందికి ఉంది? పలాసలో చిన్న జీడిపప్పు యూనిట్‌లో పప్పు వొలిచే మనిషికి, నలుగురి ఇళ్లలో అంట్లు తోమే మనిషికి యజమాని ఎవరో తేల్చే లోపు బిడ్డ పెద్దదైపోతుంది. అందుకే యజమాని మీద ఆధారపడే క్రెష్ కొందరికి, బస్తీలో ప్రభుత్వం పెట్టే క్రెష్ మిగతా అందరికీ కావాలి.

సాధ్యమేనని చూపినవాళ్లూ మన దేశంలో ఉన్నారు. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం కట్టడాలు లేస్తున్న చోట, ఎండలో పడి ఉన్న కూలీల బిడ్డలను చూసి మీరా మహదేవన్ ఒక గుడారంలో పిల్లల కేంద్రం మొదలుపెట్టారు. అదే మొబైల్ క్రెషెస్ సంస్థ. కట్టడం పూర్తయితే కేంద్రం అక్కడ మూసి తర్వాతి కట్టడం దగ్గర తెరుస్తారు. బిల్డర్ స్థలం, నీళ్లు, కొంత ఖర్చు భరిస్తాడు. అహ్మదాబాద్‌లో సేవా సంఘం వాళ్లది వేరే దారి. పిల్లల్ని చూసుకునే స్త్రీలే సభ్యులుగా సంగిని అనే సహకార సంఘం పెట్టుకున్నారు. కూలీ తల్లుల పని వేళలే కేంద్రం వేళలు. సేవా వ్యవస్థాపకురాలు ఇలా భట్ అధ్యక్షతన వేసిన జాతీయ కమిషన్ 1988లో ఇచ్చిన శ్రమశక్తి నివేదిక కూడా అసంఘటిత రంగ స్త్రీలకు పిల్లల సంరక్షణ ఎంత అవసరమో చెప్పింది. పక్కనున్న కర్ణాటక 2023లో ‘కూసిన మనె’ పేరుతో నాలుగు వేల గ్రామ పంచాయతీల్లో పిల్లల కేంద్రాలు పెట్టాలని నిర్ణయించింది. ఉపాధి కూలీ మహిళలకే శిక్షణ ఇచ్చి సంరక్షకులుగా పెట్టారు. వాళ్ల వేతనం ఉపాధి పథకం నుంచే. పంచాయతీ భవనం, ఉపాధి నిధులు, ఊరి ఆడవాళ్లు అన్నీ ఉన్నవే. వాటిని కలిపారు, అంతే. తెలుగు రాష్ట్రాలు దీన్ని దగ్గరగా వెళ్లి చూడాలి.

సబ్సిడీ ఇస్తే పేద తల్లి నిజంగా పనికి వెళ్తుందా, లేక డబ్బు వృథానా అనే సందేహం ఖజానా వైపు కూర్చున్నవాళ్లకు ఎప్పుడూ ఉంటుంది. నైరోబీ నగరంలో కొరొగోచో అనే మురికివాడలో పరిశోధకులు దీన్ని పరీక్షించారు. కొందరు తల్లులకు అక్కడి పిల్లల కేంద్రాల్లో చెల్లే కూపన్లు ఇచ్చారు, ఇంకొందరికి ఇవ్వలేదు. ఎవరికి ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం కూపన్ అందిన తల్లులు పనిలో ఉండే అవకాశం, అందనివారితో పోలిస్తే, ఎనిమిదిన్నర శాతం పాయింట్లు ఎక్కువ. ఒంటరి తల్లుల్లో చాలామంది అంతకు ముందే ఏదో ఒక పనిలో ఉన్నారు. ఇష్టం లేని వేళల్లో, దొరికిన పని చేస్తున్నారు. కూపన్ వచ్చాక వాళ్లు కుదురైన వేళల పనికి మారారు, రాబడి తగ్గలేదు. పేద స్త్రీ విషయంలో ‘పని చేస్తోందా లేదా’ అని మాత్రమే అడిగితే ఈ మార్పు కనబడదు.

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రానిది పెద్ద ప్రయోగం. 1997లో అక్కడ ప్రభుత్వం ఆదాయంతో పని లేకుండా అందరికీ రోజుకు అయిదు డాలర్లకే పిల్లల సంరక్షణ అంది. 2004లో ఏడు చేసింది. 2008 నాటికి దాదాపు 70 వేల మంది తల్లులు అదనంగా పనిలోకి వచ్చారని, వాళ్లు కట్టిన పన్నులతో ఖర్చు తిరిగి వచ్చిందని ఆర్థికవేత్త పియరీ ఫోర్టిన్, ఆయన సహచరులు లెక్కగట్టారు. అయితే సీట్లు చాలక పెద్ద పెద్ద క్యూలు ఏర్పడ్డాయి. ముందుగా తెలుసుకుని పేరు రాయించుకోగలిగిన మధ్యతరగతి వాళ్లకు మంచి కేంద్రాలు దక్కాయి. పేద పిల్లలు నాసిరకం కేంద్రాల్లో పడ్డారు, లేదా బయటే ఉండిపోయారు. హడావిడిగా పెంచిన చోట పిల్లల ప్రవర్తన మీద చెడు ప్రభావం పడిందని ఇంకో పరిశోధక బృందం చూపింది. మనం నేర్చుకోవాల్సింది రెండూ. ధర అందరికీ తగ్గించి సీట్లు పెంచకపోతే, ఆ తగ్గింపు చివరికి పేదలను చేరదు. మనుషుల సంఖ్య, శిక్షణ పెంచకుండా సీట్లు పెంచితే నష్టం పసిబిడ్డకు.

అమెరికా దారి దీనికి పూర్తిగా వేరు. 1990 నుంచి అక్కడ తక్కువ ఆదాయం ఉన్నవారికే సబ్సిడీ. కుటుంబం కట్టే వాటా ఆదాయంలో ఏడు శాతం మించకూడదని 2024లో ఒక నియమం తెచ్చారు. ఏడు శాతం అంటే మన తల్లి 8,800లో 616 రూపాయలు. బియ్యానికీ అద్దెకూ చాలని సంపాదనలో అది చాలా ఎక్కువ. కాబట్టి ఆ కొలత మనకు పనికిరాదు. కానీ అదే నియమంలో ఇంకో మాట ఉంది, అది మాత్రం మనకు బాగా అక్కరకొస్తుంది. బిడ్డ ఎన్ని రోజులు వచ్చాడన్నది చూసి కాక, పేరు నమోదై ఉందా అన్నది చూసి కేంద్రానికి డబ్బు ఇవ్వాలని, అదీ ముందుగానే ఇవ్వాలని అన్నారు. కూలీల పిల్లలు రోజూ రారు. పని దొరకని రోజు తల్లి బిడ్డను ఇంటి దగ్గరే పెట్టుకుంటుంది. పండక్కి ఊరెళితే పది రోజులు రాదు. హాజరును బట్టి డబ్బిస్తే, అందరికన్నా పేద పిల్లలున్న కేంద్రానికే అందరికన్నా తక్కువ వస్తుంది. ఆయా జీతం మాత్రం ఆ పది రోజులూ ఆగదు కదా.

మన లెక్కకు మళ్లీ వద్దాం. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా తెరవాలంటే ఇంకొక మనిషి కావాలి. ఆమెకు 10,000. ఖర్చు 52,000కు చేరింది. పాతిక మంది పిల్లలకు తల్లులు ఇరవై మంది ఉంటారనుకుందాం. వాళ్లలో చాలామంది ఎలాగోలా ఇప్పటికే పనికి వెళ్తూనే ఉంటారు. క్రెష్ వచ్చినందువల్ల కొత్తగా ఆరుగురు మాత్రమే నెలకు 22 రోజులు పనికి వెళ్లగలిగారనుకున్నా, ఆ బస్తీకి అదనంగా వచ్చే కూలి 52,800. ఖర్చంత వచ్చేసింది. బడికి తిరిగి వెళ్లిన అక్కలను, సమయానికి తిన్న బిడ్డలను, క్రెష్‌లోనే ఉపాధి దొరికిన ముగ్గురినీ ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. ఆ కూలి నేరుగా ఖజానాకు రాదన్నది నిజమే. కానీ రోడ్డు వేసినప్పుడు దాని మీద తిరిగే లారీ సంపాదన ఖజానాకు ఎంత వచ్చిందని అడిగి రోడ్డు వేయడం ఆపం. బస్తీ తల్లికి పొద్దున్నే పనికి వెళ్లే దారి క్రెష్.

డబ్బు ఎక్కడి నుంచి? భవన నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సుగా వసూలై కార్మికుల సంక్షేమ బోర్డులకు చేరుతుంది. ఖర్చు కాకుండా అది వేల కోట్లుగా పేరుకుపోయిన తీరుపై సుప్రీంకోర్టు గట్టిగా మందలించింది. కట్టడాల దగ్గర క్రెష్‌లకు అంతకన్నా సరైన నిధి లేదు. ఊళ్లలోనూ బస్తీల్లోనూ 2022 నుంచి కేంద్రం మిషన్ శక్తిలో భాగంగా అమలు చేస్తున్న పాల్నా పథకం ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం అంగన్‌వాడీలోనే క్రెష్ కలిపి నడపడం ఇందులో ముఖ్యం. దేశంలో ఇలాంటివి 17,000 పెట్టాలన్నది లక్ష్యం. ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40. అంగన్‌వాడీ సిబ్బందికి తోడు ఒక క్రెష్ కార్యకర్తను, ఒక సహాయకురాలిని ఇస్తారు. గౌరవ వేతనం వాళ్లకు 5,500, 3,000. అంగన్‌వాడీ టీచర్‌కు అదనంగా 1,500, ఆయాకు 750. మునుపటి కన్నా నయమే. కానీ ఒకే గదిలో, ఒకే పిల్లలతో, తెలంగాణలో 13,650 తీసుకునే టీచర్ పక్కన 5,500కు పని చేసే మనిషి ఎన్నాళ్లు నిలుస్తుంది? రాష్ట్రం తన వైపు నుంచి కలిపి ఈ తేడా తగ్గించకపోతే పాత క్రెష్‌లకు పట్టిన గతే వీటికీ పట్టే ప్రమాదం ఉంది.

మీ ఊళ్లోనో వాడలోనో పాల్నా కేంద్రం మంజూరైందేమో అంగన్‌వాడీ టీచర్‌ను అడిగితే తెలుస్తుంది. ఆమెకు తెలియకపోతే సెక్టార్ సూపర్‌వైజర్‌కో, ప్రాజెక్టు కార్యాలయంలో శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి (సీడీపీఓ)కో తెలిసి ఉండాలి. కార్యకర్తల నియామకం జరిగిందా, జీతం ఏ నెల దాకా అందింది, తెరిచే వేళలు ఎవరు నిర్ణయించారు అని అడగండి. మంజూరు కాకపోతే, ఆ వాడలో ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు ఎంతమంది, వాళ్ల తల్లులు ఏ పనికి, పొద్దున ఎన్నింటికి బయల్దేరతారు అన్న వివరాలతో పొదుపు సంఘం తరఫున ఒక జాబితా రాసి ఇవ్వొచ్చు. కేంద్రం వేళలు ఖరారయ్యే ముందే ఆ జాబితా సీడీపీఓ బల్ల మీదికి చేరాలి.